ఎల్లాజీ సైకిలు పళ్ళరిగిన వైనం

ఎల్లాజీ తన సైకిలు పళ్ళు తనే ఆకురాయితో అరగదీసుకున్నాడని ఫిషింగ్ హార్బర్‌లో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడూ ఒక్కడూ లేడు. ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో అడిగితే, ఆ ఆకురాయి డాక్‌యార్డులో పనిచేసే చుట్టం సంచీలో వచ్చిందంటారు. వేలంపాట జరిగే చోట అడిగితే, ఆకురాయి లేదు పాడూ లేదు, పాడిగేదెకి చిట్టు పెట్టినట్టు రోజూ గుప్పెడు ఇసుక ఆ చైనుకి మేపేవాడంటారు. మనిషి తనకి బువ్వ పెట్టే సైకిలుకి తనే ఎసరు పెట్టుకుంటాడా అని అడిగారనుకోండి, మరి అలిసిపోతే పెట్టుకోడా అని ఎదురడుగుతారు.

ఎల్లాజీ పుట్టింది సముద్రం మీద బతికే ఇంట్లోనే. కానీ అతని కడుపుకీ సముద్రానికీ పుట్టుకతోనే పడలేదు. కుర్రతనంలో మొదటిసారి వేటకి తీసుకెళ్తే, ఒడ్డున కట్టిన తాడు విప్పకముందే కక్కుకున్నాడట. రెండోసారి డాల్ఫిన్ నోస్ కొండ దాటేదాకా పళ్ళు బిగపట్టుకుని, దాటాక కక్కిన కక్కుకి చుట్టుపక్కల చేపలన్నీ ఇల్లూ వాకిలీ సర్దుకుని భీమిలి వైపు వలసపోయాయనీ, ఆ వారమంతా ఏ పడవకీ వేట పడలేదనీ చెప్పుకుంటారు. అంతటితో తండ్రికి విసుగొచ్చి ఒక పాత సైకిలు కొనిచ్చాడు. సముద్రంలో చేపని పట్టలేనివాడు రోడ్డు మీదైనా పట్టుకెళ్ళమని చేతులు దులుపుకున్నాడు.

అప్పట్నుంచీ ఎల్లాజీకి సముద్రం అంటే రోడ్డే. తెల్లారకముందే చేపల రేవుకి వస్తాడు. వేలంలో దక్కిన చేపని గంపలో పేర్చి, మీద ఐసు కొట్టి, దాని మీద తడి గోనె కప్పి, వెనక క్యారేజీకి పాత ట్యూబు ముక్కతో బిగించి కడతాడు. అక్కణ్ణుంచి పాత ఊరు, కాన్వెంట్ జంక్షన్, డాక్‌యార్డ్ వంతెన, సింధియా, మల్కాపురం, శ్రీహరిపురం, ఆఖరికి గాజువాక. అక్కడ సూర్యకాంతమ్మ నడిపే భోజనాల మెస్సు వెనక గుమ్మంలో స్టాండు వేస్తేగానీ కాలు నేలకి ఆనించడు. స్టీల్ ప్లాంట్ పనులు ఊపందుకున్నాక ఎక్కడెక్కడి మనుషులో వచ్చి గాజువాకలో దిగారు. అందరికీ ఆకలే, అందరికీ పులుసే కావాలి. సూర్యకాంతమ్మ ఏడాదికేడాది గంప పెద్దది చేయించింది. గంప పెరిగింది, కాళ్ళు మాత్రం పాత కాళ్ళే.

ఐసు కరిగి, చేప నీరూ ఉప్పు నీరూ కలిసి, దారి పొడుగునా చైను మీద చుక్కచుక్కగా పడేవి. ఇంకొకడి సైకిలయితే ఆరు నెలల్లో తుప్పు రాలి దుమ్మయిపోయేది. ఎల్లాజీ దగ్గర దానికో మందు ఉంది: సొరచేప నూనె. వాళ్ళ పేటలో పడవ చెక్కకి పట్టించేది అదే. ఆ నూనె తాగిన చెక్క తాత చేతి నుంచి మనవడి చేతికి వస్తుందని నమ్మకం. చెక్కకి అంత మంచి చేసేది ఇనుముకి చెడు చేస్తుందా? రోజూ బయల్దేరే ముందు ఒక పాత గుడ్డని ఆ నూనెలో ముంచి చైనుకి తలంటినంత శ్రద్ధగా పట్టించేవాడు. జిడ్డు జిడ్డుగా ఉండే ఆ నూనెకి రేవులో ఇసుక, పోర్టు రోడ్డు మీద ఎర్రటి ముడిఇనుము ధూళి, మల్కాపురం దగ్గర బొగ్గు మసి, ఎంచక్కా అంటుకునేవి. చైను లోపల ఒక తిరగలి తిరుగుతున్నట్టే లెక్క. ఎల్లాజీకి ఆ సంగతి తెలీదు. తెలిసిందల్లా పాత ఊరు పిల్లులకి. అతని సైకిలు వెనక అవి పెళ్ళి ఊరేగింపులాగా కాన్వెంట్ జంక్షన్ దాకా సాగనంపేవి. ఒక గుడ్డి పిల్లి అయితే ఆ వాసన పట్టుకుని గాజువాక దాకా వెళ్ళి, అక్కడే స్థిరపడి, సంసారం కూడా పెట్టిందంటారు.

ఆ ఏడు వానలు వెనకపట్టాక ఒక ఉదయం, డాక్‌యార్డ్ వంతెన ఎక్కుతుంటే మొదటిసారి జరిగింది. బలమంతా కూడదీసి కుడికాలు తొక్కాడు. ఖటక్ మని చప్పుడైంది. కాలు కింద ఏమీ లేనట్టు పెడలు జారి కిందికి పడిపోయింది. మెట్టు ఉందనుకుని కాలు పెడితే మెట్టు లేకపోతే గుండె ఎలా జారుతుందో అలా జారింది. తమాయించుకుని మళ్ళీ తొక్కాడు. నాలుగు చుట్లు బాగానే తిరిగింది. మళ్ళీ ఖటక్.

సైకిలు మీద ఎల్లాజీకి అనుమానం రాలేదు. సొరచేప నూనె తాగిన సైకిలాయె. ఆ చప్పుడు తన మోకాల్లోంచే వచ్చిందనుకున్నాడు.

దిగులు పడాల్సిన మాటే. కానీ వంతెన దిగుతూ ఉండగా ఎల్లాజీకి లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఎండలో నడిచి నడిచి వచ్చినవాడికి దూరాన చలివేంద్రం కనిపించినట్టు. మోకాలు పోతే ఇంక గాజువాక వెళ్ళక్కర్లేదు. కూర్చోవచ్చు.

కూర్చోవడం అంటే వాళ్ళ పేటలో తేలిక కాదు. రేవు పక్కన వలలు బాగుచేసే పాక ఒకటి ఉంది. ఒళ్ళు చెడిన మగవాళ్ళు అందులో కూర్చుంటారు. కానీ అలిసిపోయానని ఎవడంతట వాడు వెళ్ళి కూర్చుంటే సోమరిపోతంటారు, పెళ్ళాం కూడు తింటున్నాడంటారు. పాకలో పెద్దవాడు పిలిచి, వల అల్లే వెదురు సూది చేతిలో పెట్టాలి. సూది చేతిలో పడిన మనిషిని ఆ తర్వాత పనికెందుకు వెళ్ళలేదని అడిగే హక్కు కట్టుకున్నదానికి కూడా లేదు. అప్పట్లో పాకపెద్ద అర్జునరావు. మాట తక్కువ, చూపు ఎక్కువ ఉన్న ముసలాయన. ఆయన ఎవరి నడక వంకైనా కాస్త ఎక్కువసేపు చూస్తే చాలు, ఆ మనిషి రోజులు దగ్గరపడ్డాయని పేటంతా గుసగుసలు మొదలయ్యేవి.

ఎల్లాజీ ఆ పాక ముందునుంచి వెళ్ళేటప్పుడల్లా కుంటడం మొదలుపెట్టాడు. కుంటడం అంటే కావాలని కుంటడం అని కాదు. చప్పుడు వచ్చిన మోకాలు కాబట్టి దానికి తగ్గ మర్యాద ఇవ్వాలి కదా అని.

ఇంట్లో భార్య ముసలమ్మ. అమ్మవారి పేరని పుట్టినప్పుడే పెట్టారు గానీ, మనిషి ఎల్లాజీ కంటే చిన్నది, అతని కంటే గట్టిది. మోకాలు సంగతి చెప్పగానే ఆమె అదే సొరచేప నూనె వెచ్చచేసి మొగుడి మోకాలికి రాసింది. అలా చైనూ మోకాలూ ఒకే సీసా నూనె పంచుకున్నాయి. పిల్లులు ఇప్పుడు ఇంటికే వచ్చేవి. ఎంత రాసినా చప్పుడు తగ్గలేదని ఎల్లాజీ రోజూ చెప్పేవాడు. కొంచెం గర్వంగానే చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం ముసలమ్మకి విసుగొచ్చింది. మొగుణ్ణి గుమ్మం ముందు నిలబెట్టి, కూర్చో, లే, కూర్చో, లే అని గుంజీలు తీయించింది. మోకాలికి చెవి ఆనించి విన్నది. ఏ చప్పుడూ లేదు. అప్పుడు సైకిలు ముందు చక్రాన్ని గోడకి ఆనించి, పెడలు మీద తన కాలు పెట్టి గట్టిగా అదిమింది.

ఖటక్.

ముసలమ్మ మొగుడి వంక చూసింది. "ఏటి మావా, నీ మోకాలు సైకిల్లో పెట్టి మర్సిపోనావేటి?"

ఎల్లాజీ నవ్వలేదు. ఏదో చేతిలోంచి లాక్కున్నట్టు అయిపోయింది అతని మొహం.

ఆ సాయంత్రమే ముసలమ్మ అతన్నీ సైకిల్నీ వెంటబెట్టుకుని పూర్ణా మార్కెట్ పక్క సందులో జిలానీ బాషా దగ్గరికి తీసుకెళ్ళింది. బాషా దుకాణం అంటే రెండు తలుపులు, వాటి వెనక ఒక మనిషి పట్టే చీకటి. పని మొత్తం వీధిలోనే. పాత ఊళ్ళో బాషా బాగుచేయని సైకిలు లేదు. గాలి కొట్టే చప్పుడు విని చక్రం ఎవరిదో చెప్తాడనేవారు. ఏళ్ళ తరబడి వంగి పనిచేసి నడుము అలాగే ఉండిపోయింది. నిటారుగా నిలబడితే ఇంటివాళ్ళే గుర్తుపట్టరని అతనే చెప్పుకునేవాడు. మతం వేరైనా ఎల్లాజీని బావా అనే పిలిచేవాడు. ఎల్లాజీ అతన్ని భాయ్ అనేవాడు. ఒకడి వరస ఒకటి, ఇంకొకడి వరస ఇంకొకటి. ఇద్దరికీ పట్టింపు లేదు.

ముసలమ్మ సైకిలు అప్పగించి, చింతపండు కొనుక్కొస్తానని మార్కెట్లోకి వెళ్ళింది. బాషా కూర్చున్నవాడు లేవకుండానే సైకిల్ని తనవైపు లాక్కున్నాడు. పెడళ్ళ దగ్గరుండే పెద్ద పళ్ళచక్రం మీద చైనుని రెండు వేళ్ళతో పట్టి ముందుకి లాగాడు. మంచి చైను అయితే పళ్ళని వదలదు. ఇది పళ్ళ మీదనుంచి లేచి నిలబడింది. ఆ సందులోంచి పిల్లి దూరొచ్చంత ఖాళీ కనిపించిందని ఎల్లాజీ తర్వాత ఎప్పుడూ ఒప్పుకోలేదు గానీ, చిటికెన వేలు మాత్రం దూరింది. బాషా ఆ వేలు వాసన చూసుకున్నాడు.

"ఏటి బావా, చైనుకి పులుసు పెట్టినావా?"

సొరచేప నూనె సంగతి ఎల్లాజీ చెప్పాడు. బాషా ఒక గుడ్డతో పళ్ళచక్రం తుడిచి చూపించాడు. పళ్ళన్నీ ఒకే వైపుకి ఒరిగి, కొసలు సన్నబడి, సొర వీపు మీది రెక్కల్లా ఉన్నాయి. వెనక చక్రానికుండే చిన్న ఫ్రీవీలు పళ్ళూ అంతే. చైను సాగింది, అది సాగిన కొద్దీ పళ్ళని కొరికింది, పళ్ళు అరిగిన కొద్దీ చైను ఇంకా జారింది. మూడూ ఒకదాన్నొకటి తినేశాయి. మూడూ ఒకేసారి మార్చాలని బాషా తేల్చి చెప్పాడు.

"చైనొక్కటే ఏస్తే?" అన్నాడు ఎల్లాజీ.

"ఒక్కటే ఎయ్యకూడదు బావా. ఆ పళ్ళూ ఆ చైనూ కలిసే ముసిలైపోనాయి. ఒకదాని వంకర ఒకదానికి అలవాటు. అందులోకి కొత్త చైను తెత్తే దానికి ఆ వంకర తెలీదు. పళ్ళ మీద కూకోదు, ఎక్కి దూకేత్తాది."

"దూకితే?"

"ఎక్కుడులో తొక్కినావంటే కాలు గాల్లోకి ఎలిపోద్ది. పడిపోతావు."

ఎల్లాజీ సందు చివరికి చూశాడు. ముసలమ్మ ఇంకా రాలేదు. అతని కళ్ళ ముందు పాక నీడ కదిలింది. వలల గుట్ట మీద పడుకున్న కుక్క కూడా కనిపించింది. ఆ కుక్కకున్న సుఖం తనకి లేదు కదా అనిపించింది.

"చైనొక్కటే ఎయ్యి భాయ్," అన్నాడు.

బాషా తలెత్తి చూశాడు. ఇంతకాలం పనిలో ఆ మాట చాలామంది నోట విన్నాడు. చేతిలో డబ్బు లేనివాళ్ళు అంటారు, తెలియనివాళ్ళు అంటారు. వీడు రెండు రకాల్లోనూ లేడు. అయినా అడగలేదు. అడిగే ఓపిక ఆ పూట అతనికీ లేదు. పాత చైను కొట్టి విడదీశాడు. అది నేల మీద పడి చచ్చిన పాములా అలాగే ఉండిపోయింది. కొత్త చైను ఎక్కించి, కలిపి, మేకు కొట్టాడు.

"నాను సెప్పలేదని అనకు," అన్నాడు. అంతే.

ముసలమ్మ చింతపండుతో వచ్చేసరికి సైకిలు తయారైంది. కొత్త చైను తళతళలాడుతోంది. ఆమె పెడలు మీద కాలేసి చూడబోతే, కొత్తదాన్ని అదమకూడదని ఎల్లాజీ ఆపాడు.

మర్నాడు ఉదయం గంప నిండా కానాగడత చేపలు. వంతెన ఎక్కుడు మొదలవగానే ఎల్లాజీ సీటు మీదనుంచి లేచి, ఒంటి బరువంతా కుడికాలి మీద వేశాడు. బాషా ఎలా చెప్పాడో అలాగే అయింది. కొత్త చైను పాత పళ్ళమీద నుంచి ఎగిరింది. పెడలు గాల్లో తిరిగింది. ఎల్లాజీ, సైకిలు, గంప, ముగ్గురూ మూడు దిక్కులకి పడ్డారు. వంతెన పొడుగునా చేపలు దొర్లాయి. వెనకొచ్చే లారీలన్నీ ఆగిపోయి, ఓడలకి సరుకు అందక పోర్టులో ఆ పూట పనే సాగలేదంటారు. దారిన పోయేవాళ్ళు చేపలు ఏరి ఇచ్చారని కొందరు, ఏరుకుని పోయారని కొందరు. రెండూ జరిగి ఉంటాయి.

మోచెయ్యి చెక్కుకుపోయింది. ఎల్లాజీ లేవలేదు. వంతెన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కింద గూడ్సు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, ఎర్రధూళి లేస్తోంది. ఎవరూ అతన్ని పద అనడం లేదు. నెత్తురు కారుతున్నా, నడి రోడ్డు మీద, ఇన్నేళ్ళలో మొదటిసారి అతను తీరిగ్గా కూర్చున్నాడు. ఎంత అలిసిపోయాడో అప్పుడు తెలిసింది. లేచి నిలబడదామంటే కాళ్ళు నిజంగానే వణికాయి.

సైకిల్ని నడిపించుకుంటూ వెనక్కి వచ్చాడు. పాక ముందు అర్జునరావు చూపు అతని మోచేతి మీద, ఆ తర్వాత కాళ్ళ మీద చాలాసేపు నిలిచింది. కాళ్ళు పోయాయని ఎల్లాజీ చెప్పాడు. అర్జునరావు పాక కప్పులో గుచ్చి ఉంచిన వెదురు సూదుల్లోంచి ఒకటి లాగి, అతని చేతిలో పెట్టాడు.

ముసలమ్మకి కబురు తెలిసింది. సైకిలు వంక చూసింది, మొగుడి మోచెయ్యి వంక చూసింది. సూది చేతిలో పడ్డాక అడగడానికి లేదు. అడగలేదు.

ఎల్లాజీ పాకలో కూర్చున్నాడు. ఆ సుఖం ఏమని చెప్పేది? పొద్దెక్కేదాకా సముద్రం గాలి, నడుముకి వలల గుట్ట ఆసరా. పని మాత్రం చేతకాలేదు. అతను బాగుచేసిన వలలోంచి చేపలే కాదు, పడవ కూడా దూరిపోవచ్చని పక్కనున్నవాళ్ళు ఏడిపించేవాళ్ళు. అతను వేసిన ముడులు విప్పడానికి వేరే ఇద్దరు కావాల్సొచ్చేది. అయినా పొమ్మనలేదు. సూది ఉంది కదా.

అలా కొన్నాళ్ళు గడిచాక అతని కంటికి ఒకటి తగిలింది. మధ్యాహ్నం పాకకి అన్నం తెచ్చే ముసలమ్మ పాదాలు ఎర్రగా ఉన్నాయి. పారాణి పెట్టుకుందా అనుకున్నాడు. తర్వాత చూస్తే చీర అంచు కూడా ఎరుపే. పోర్టు రోడ్డు ధూళి. ఎక్కడికెళ్ళి వస్తున్నావని అడిగితే, ఎక్కడికేటి అని గిన్నె కడగడానికి వెళ్ళిపోయింది. పక్కన వల అల్లే మనిషి చెప్పాడు. గంప నెత్తిన పెట్టుకుని గాజువాక వెళ్తోందట. కండక్టరు మంచివాడైతే బస్సు, నీచు వాసనని దింపేస్తే సింధియా నుంచి నడక. సూర్యకాంతమ్మ మెస్సు పోతే ఇల్లు గడవదు కదా.

ఎల్లాజీ చేతిలో సూది ఆగింది. ముసలమ్మ కాళ్ళల్లో ఏ చప్పుడూ రాదు. రాదు కాబట్టి ఎవరూ వినలేదు. వచ్చినా ఆ పాకలో ఆడదానికి సూది ఇచ్చే ఆచారం లేదు. అతను మళ్ళీ ముడి వేశాడు. ఆ ముడి ఎవరు విప్పినా రాలేదట, కోసెయ్యాల్సొచ్చిందట.

అయినా అతను లేవలేదు. ఆ రోజూ లేవలేదు, మర్నాడూ లేవలేదు. ఒకసారి కూర్చున్న మనిషికి లేవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుసు.

ముసలమ్మ మాత్రం అడక్కూడదన్న ఆచారం తప్పలేదు. మొగుణ్ణి ఏమీ అడగలేదు, సైకిల్ని తీసుకెళ్ళి బాషా ముందు పడేసింది. చైనొక్కటే వేశానని బాషా చెప్తే, ఎవరు వెయ్యమన్నారని కూడా అడగలేదు. ఉన్నవన్నీ మార్చమంది. బాషా ఆ రోజు ఇంకో పని ముట్టుకోలేదు. పెడలు కర్రల్ని పట్టి ఉంచే పిన్నులు ఉప్పుకి పట్టేసి ఊడి రాలేదు. సుత్తి దెబ్బలకి సందులో పావురాలన్నీ లేచి కొత్త రోడ్డు దాకా పోయాయంటారు. లోపలి ఇరుసు తీస్తే దాని చుట్టూ ఉండే గుండ్లు సగం అరిగి, సగం పొడి అయిపోయి ఉన్నాయి. కిరసనాయిలుతో ఆ పాత జిడ్డంతా కడిగాడు. కొత్త గుండ్లు గ్రీజులో అద్ది ఒక్కొక్కటే పేర్చాడు. కొత్త పళ్ళచక్రం, కొత్త ఫ్రీవీలు. ఎల్లాజీని కింద పడేసిన ఆ కొత్త చైనుని కొలిచి చూసి, అది ఇంకా సాగలేదు గనక, శుభ్రంగా కడిగి దాన్నే ఎక్కించాడు. అంతా అయ్యేసరికి అతని నడుము అతని మాట వినడం మానేసింది.

మర్నాడు పొద్దున్నే ఆ సైకిలు తొక్కుకుంటూ బాషా పాక ముందుకి వచ్చాడు. వెనకే నడుచుకుంటూ ముసలమ్మ. బాషా దిగి స్టాండు వేశాడు. పాకలో చేతులన్నీ ఆగిపోయాయి.

"నిన్ను పనిలోకి రమ్మనడానికి రాలేదు బావా," అన్నాడు. "నాను సేసిన పని ఒకసారి తొక్కి సూడు. అంతే."

"నా కాళ్ళు పోనాయి భాయ్."

"నా నడుమూ పోయింది. మా ఈదిలో సూదిచ్చి కూకోబెట్టేవోళ్ళు లేరు. ఉంటే నానూ ఒచ్చి నీ పక్కన కూకుందును." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఆ వలల గుట్ట వంక ఆశగా చూశాడు.

ఎల్లాజీ అర్జునరావు వంక చూశాడు. ఎల్లాజీ లేచి, సూది చెవి మీద పెట్టుకుని, సైకిలెక్కాడు. ఐసు ఫ్యాక్టరీ చుట్టూ ఒక చుట్టు తిరిగి, దాని వెనకున్న ఎక్కుడు ఎక్కి రావాలి. పాకలోవాళ్ళంతా చెవులు రిక్కించారు. పడటం ఎలాగో అతనికి తెలుసు. లేచి బరువంతా వేసి, పక్కకి వాలితే చాలు. కొత్త పళ్ళయినా పడొచ్చు. ఎవడూ తేడా కనిపెట్టలేడు, ఒక్క బాషా తప్ప. బాషా చెప్పడు.

ఎక్కుడు వచ్చింది. తొక్కాడు. చైను కిక్కురుమనలేదు. కాలి కింద ఇనుము గట్టిగా, నమ్మకంగా తగిలింది. ఎంత వేస్తే అంత బరువూ తీసుకుని ముందుకి తోసింది. కాళ్ళు దొంగల్లా సంతోషపడ్డాయి. అతను వాటిని తిట్టుకున్నాడు. ఎక్కుడు పైనుంచి చూస్తే పాక కనిపించింది. దాని పక్కన, ఎండలో, కుడికాలు ఎత్తి ఎడమకాలి మీద ఆనించుకుని, కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డ ముసలమ్మ కనిపించింది. కాసేపటికి కాలు మార్చింది. అలా మార్చుకుంటూ నిలబడటం అతను ఇంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

వాలలేదు. తొక్కుకుంటూ వచ్చి పాక ముందు దిగాడు. చెవి మీద సూది తీసి అర్జునరావుకి ఇచ్చాడు. ముసలాయన దాన్ని తీసుకుని కప్పులో గుచ్చాడు. సూది తీసుకున్నవాడు తిరిగివ్వడం ఆ పాకలో అదే మొదలని, ఏం చెయ్యాలో తెలియక ఆ పూట అందరూ అన్నం తినడం కూడా మర్చిపోయారని చెప్తారు. అదేమీ అబద్ధం కాకపోవచ్చు.

"గంప ఎక్కడ?" అని మాత్రం అడిగాడు ఎల్లాజీ.

"ఇంటికాడ," అంది ముసలమ్మ.

ఆ తర్వాత కూడా రోడ్డేమీ పొట్టి కాలేదు. వంతెన ఎత్తేమీ తగ్గలేదు. వెళ్ళేదీ ఎల్లాజీయే, వచ్చేదీ ఎల్లాజీయే, నిద్రలో కూడా కాళ్ళు తిరుగుతూనే ఉండేవి. కాకపోతే చైనుకి ఇప్పుడు గ్రీజు. పిల్లులు నాలుగు రోజులు చూసి, నమ్మకద్రోహం అనుకుని, వేరే దారి చూసుకున్నాయి. ముసలమ్మ ఎర్రని పాదాలు మళ్ళీ నల్లబడ్డాయి.

ఆకురాయి మాట అప్పుడే పుట్టింది. చైనొక్కటే ఎందుకు వెయ్యమన్నాడన్న ప్రశ్న ఎవరో బాషా సందులోంచి మోసుకొచ్చారు. అది రేవుకి చేరేసరికి ఆకురాయి అయింది. ఆ పాత పళ్ళచక్రం చూస్తే తేలిపోతుంది కదా, ఆకురాయి గీతలుంటాయి కదా అని కొందరు బాషా దగ్గరికే వెళ్ళారు. అది పాత ఇనుముల్లోకి ఎప్పుడో పోయిందన్నాడు. గీతలున్నాయా అని అడిగితే, "ఇనుమూ అరిగింది, మడిసీ అరిగేడు. ఏది ముందో నాకేటి తెలుసు?" అని పంపు అందుకుని గాలి కొట్టుకున్నాడు.

ఎల్లాజీని అడిగే ధైర్యం చాలాకాలం ఎవరికీ లేకపోయింది. ఆఖరికి ఒక రోజు రేవులో టీ బడ్డీ దగ్గర, గంప కట్టుకుంటున్నవాణ్ణి పట్టుకుని, పది మంది ముందు మొత్తం కథంతా వినిపించి, ఇందులో నిజమెంత అని అడిగేశారు. అతను టీ అంతా తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. ట్యూబు ముక్క లాగి ముడి బిగించాడు.

"నాను ఆకురాయి పట్టనేదు. వంతెన మీద పడనేదు. మోకాల్లో సప్పుడు ఒచ్చిందని ఎవుడితోటీ సెప్పనేదు. ముసలమ్మ గాజువాక ఎల్లనేదు. జిలానీ భాయ్ నా సైకిలు పళ్ళు మార్సనేదు, మా అయ్య కొన్ననాడు ఉన్నవే ఉన్నాయి. పాకలో నాను ఒక్క పూటా కూకోనేదు, సూది నా సేతికి ఎవుడూ ఇవ్వనేదు. మరింక మిగిలింది ఏటి? అలుపా? నాకు అలుపే నేదురా. ఈ కత మీలో ఎవుడో పని నేక అల్లేడు, నాను మాత్రం అందులో ఎక్కడా నేను."